అమెరికాలో కేసంటే జ్యూరీయేనా? ముందు ఎమ్మార్పీ చూడండి

[తెర మీద: ఆరు నెలలు]

నమస్కారం. "అమెరికాలో కేసు పడినా జ్యూరీ, అంటే తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందం ఉంటుందిలే, అంతమందిలో ఒక్కరైనా మన మాట వినకపోతారా" అనే ధీమా అక్కడ చదువుకునే మన పిల్లల్లో చాలామందికి ఉంది. ఈ ధీమాతోనే కొంపలు మునుగుతాయి.

అమెరికా రాజ్యాంగం ఆరో సవరణ "అన్ని క్రిమినల్ కేసుల్లోనూ" జ్యూరీ హక్కు ఉందంటుంది, నిజమే. కానీ చిన్న నేరాలకు అది వర్తించదని సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది. 1970 బాల్డ్‌విన్ కేసులో గీత గీసింది: గరిష్ఠ శిక్ష ఆరు నెలలు దాటితే జ్యూరీ హక్కు. దాటకపోతే సాధారణంగా లేదు.

గరిష్ఠ శిక్షంటే ప్యాకెట్ మీద ఎమ్మార్పీ లాంటిది. షాపువాడు ఎంతకిస్తాడన్నది వేరే సంగతి. జడ్జి వేసేది పది రోజులే అయినా, చట్టంలో అచ్చయింది ఏడాదైతే మీకు జ్యూరీ ఉంది.

మరి ఆరేసి నెలల ప్యాకెట్లు రెండు కలిపితే? మొత్తం పన్నెండు నెలలు. అయినా జ్యూరీ లేదు, దేని ఎమ్మార్పీ దానిదే అంది 1996 లూయిస్ తీర్పు. ఏడాది జైల్లో కూర్చునేవాడికి అవి రెండు ప్యాకెట్లని చెప్పి ఏం లాభం? నాకీ తీర్పు ఇప్పటికీ మింగుడుపడదు.

[తెర మీద: 364 రోజులు, దాని పక్కన 3 నెలలు]

అసలు చిక్కు న్యూయార్క్ సిటీలో. షాపులో చిన్న దొంగతనం క్లాస్ ఏ నేరం, గరిష్ఠం 364 రోజులు, జ్యూరీ ఉంటుంది. విచారణ ముంగిట ప్రాసిక్యూటర్ దాన్ని "దొంగతనానికి ప్రయత్నం"గా మారుస్తాడు. అది క్లాస్ బి, మూడు నెలలు. పాత లేబుల్ మీద కొత్త లేబుల్ అంటించాడన్నమాట. శిక్ష తగ్గిందని మీరు సంబరపడేలోపు జ్యూరీ పోతుంది, ఒక్క జడ్జే తేలుస్తారు.

ఎమ్మార్పీ మీద అచ్చుకాని ఖర్చు ఇంకొకటుంది: దేశం నుంచి పంపించేయడం. వీసా మీద ఉన్నవాళ్లకు మూడు నెలల జైలు కన్నా అదే పెద్ద దెబ్బ. 2018లో సువాజో కేసులో న్యూయార్క్ అత్యున్నత కోర్టు ఈ మాట ఒప్పుకుంది: ఆ నేరం రుజువైతే డిపోర్టేషన్ ప్రమాదం ఉందని ముద్దాయి చూపిస్తే, క్లాస్ బి అయినా జ్యూరీ ఇవ్వాల్సిందే. అదే ఏడాది వాషింగ్టన్ డీసీ అప్పీలు కోర్టూ అదే చెప్పింది. అన్ని రాష్ట్రాల్లోనూ ఈ రక్షణ ఉందనుకోకండి. న్యూజెర్సీలో మూడోసారి తాగి బండి నడిపి దొరికితే 180 రోజుల శిక్ష, అయినా జ్యూరీ లేదు. డాలస్‌లోనేమో స్పీడింగ్ టికెట్‌కీ జ్యూరీని అడగొచ్చు, టెక్సస్ తనంతట తాను ఇచ్చిన హక్కది.

టైమైపోతోంది, జడ్జి సంగతి గబగబా చెప్పేస్తాను. ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ కోర్టుల్లో జిల్లా జడ్జిని అధ్యక్షుడు ప్రతిపాదిస్తాడు, సెనేట్ ఆమోదిస్తుంది, పదవి జీవితకాలం. వాళ్ల కింద పనిచేసే మేజిస్ట్రేట్ జడ్జిని నియమించేది ఆ జిల్లా జడ్జీలే, పూర్తికాలం పదవైతే ఎనిమిదేళ్లు. పెద్ద నేరం కేసులో ముద్దాయి ఒప్పుకోకుండా మేజిస్ట్రేట్ జడ్జి జ్యూరీని ఎంపిక చేయకూడదని 1989లో గోమెజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒప్పుకుంటే చేయొచ్చని 1991లో, లాయరు ఒప్పుకున్నా చాలని 2008లో అంది. అంటే లాయరు "అభ్యంతరం లేదండి" అన్న ఒక్క మాటతో జిల్లా జడ్జే జ్యూరీని ఎంపిక చేయాలని అడిగే హక్కు పోతుంది.

కాబట్టి ఛార్జి తగ్గిస్తామన్న రోజే లాయర్ని అడగండి: కొత్త సెక్షన్‌కి గరిష్ఠ శిక్షెంత, జ్యూరీ ఉంటుందా, వీసా మీద దెబ్బ పడుతుందా?