ఎర్రకోడి పుట్టిల్లు

శ్రోతలకు నమస్కారం. పర్లాకిమిడిలో మా పెరట్లో తిరిగే రెండు ఎర్ర పెట్టలను చూసినవారు "ఇవి పరాయి దేశపు కోళ్లు కదండీ" అంటూంటారు. ఆ మాట పూర్తిగా నిజం కాదు.

రోడ్ ఐలాండ్ రెడ్ అనే ఈ జాతి అమెరికాలోని చిన్న రాష్ట్రమైన రోడ్ ఐలాండ్‌లో, లిటిల్ కాంప్టన్ చుట్టుపక్కల రైతుల దొడ్లలో తయారైంది. 1854లో విలియం ట్రిప్ అనే ఆయన ఒక నావికుడి దగ్గర ఎర్రని మలయా పుంజును కొని తన పెట్టల్లో వదిలాడనీ, వాటి సంతతి మునుపటికంటె ఎక్కువ గుడ్లు పెట్టడం చూసి జాన్ మకోంబర్‌తో కలిసి ఆ సంకరాన్ని కొనసాగించాడనీ చెబుతారు. ఆ పుంజును చిట్టగాంగ్ పుంజు అని రాసినవారూ ఉన్నారు. చిట్టగాంగ్ మన బంగాళాఖాతపు ఒడ్డే కాబట్టి, ఈ ఎర్రకోడి మనకు దూరపు చుట్టమేమో! కొచ్చిన్, లెగ్‌హార్న్ వంటి జాతుల రక్తం కూడా ఇందులో కలిసింది. 1904లో అమెరికా కోళ్ల ప్రమాణ గ్రంథంలో దీనికి చోటు దక్కింది.

పుంజు దాదాపు నాలుగు కిలోలు, పెట్ట మూడు కిలోలు తూగుతాయి. ఒళ్లంతా ముదురు ఎరుపు. తోక మాత్రం నలుపు, ఎండ పడితే ఆకుపచ్చగా మెరుస్తుంది. పెట్టలు గుడ్లకు, పుంజులు కూరకు పనికివస్తాయి కాబట్టి పొదిగిన పిల్లల్లో ఏదీ వృథా కాదు. గుడ్ల కోసమే పెంచే సంకర జాతుల్లో మగపిల్లలకు ఆ విలువ లేదు.

దీని గుడ్డు గోధుమరంగులో ఉంటుంది. ఆ రంగు చూసి నాటుగుడ్డని నమ్మి, సంతలో నేనూ ఒకసారి ఎక్కువ ధర పోశాను. గుడ్డు బయటికి రావడానికి కొన్ని గంటల ముందు మాత్రమే పెంకు పైపొరకు ఆ రంగు పడుతుంది. పగలగొట్టి చూడండి, లోపలివైపు పెంకు తెల్లగానే ఉంటుంది. రంగును బట్టి గుడ్డు బలం పెరగదు, తగ్గదు.

ఈ పెట్టకున్న లోపం ఒకటే: పొదుగుకు కూర్చునే ఓపిక తక్కువ. అందుకే మా మామ్మ దీని గుడ్లను గంపలో గడ్డి పరిచి, పొదుగుకొచ్చిన నాటుపెట్ట కింద పెట్టేది. ఇరవై ఒకటో రోజున ఆ నల్లపెట్ట ఎర్రపిల్లలను వెంటేసుకుని, చెత్తకుప్ప గీకుతూ, తన పిల్లలే అన్నట్టు కాకుల మీదికి ఎగిరేది.