టోన్ఫా: లాఠీ కాదు, ముంజేతికి కాపలా

కరాటే క్లాసుకి వెళ్ళేవాళ్ళు కూడా దీన్ని చూసి "ఓ, అమెరికా పోలీసు లాఠీ కదా" అంటారు. విన్న ప్రతిసారీ నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

(టోన్ఫాల జత చూపిస్తూ)

ఇవి టోన్ఫాలు, ఒక కొసకి దగ్గరగా అడ్డంగా పిడి ఉన్న కర్రలు. జపాన్‌లో దక్షిణాన ఉన్న ఒకినావా దీవులవి. అక్కడ రెండు చేతులకీ రెండు పడతారు. పోలీసు కర్ర దీని నుంచి పుట్టిందే, అదీ 1970లలో.

ఒక్కసారి అమ్మమ్మ వాళ్ళింట్లో తిరగలి గుర్తు తెచ్చుకోండి. పై రాయికి నిలువుగా ఒక పిడి ఉంటుంది. కందులు విసిరేటప్పుడు ఆ పిడిని ఎవరూ బిగించి పట్టుకోరు. రాయి తిరుగుతుంటే పిడి గుప్పిట్లో వదులుగా తిరగాలి. బిగిస్తే అరచెయ్యి బొబ్బలెక్కుతుంది. టోన్ఫా పట్టు అచ్చం ఇదే!

ఒకినావాలో చాలామంది చెప్పే కథ కూడా తిరగలిదే. పిండి విసిరే రాతి నుంచి పిడి లాగి రైతులు ఆయుధం చేసుకున్నారట. 1609లో జపాన్‌లోని సత్సుమా సంస్థానపు సమురాయ్ యోధులు ఆ దీవుల్ని గెలిచాక, చేతిలో కత్తి లేని రైతు ఇలా తయారయ్యాడని చెబుతారు. నాకు చాలా ఇష్టమైన కథ. కానీ దానికి గట్టి ఆధారం లేదు. చైనాలో గువాయ్ అని ఇలాంటి పిడికర్ర ఉంది, థాయ్‌లాండ్‌లో ముంజేతికి కట్టుకునే మై సొక్ ఉంది. ఒకినావాకి చైనాతో వందల ఏళ్ళ రాకపోకలున్నాయి. అందుకే అటునుంచి వచ్చి ఉంటుందనే మాటే నాకు ఎక్కువ నమ్మకంగా అనిపిస్తుంది.

ఇప్పుడు పట్టు చూడండి. పొడుగు భాగం ముంజేతి కింద ఆనుకుని, మోచేయి దాటి ఓ అంగుళం బయటికి రావాలి. పొట్టిదైతే కొనకండి, దెబ్బ మీ మోచేతి ఎముక మీదే పడుతుంది. ఎదుటివాడు కర్రతో కొడితే ముంజెయ్యి అడ్డం పెడతారు, దెబ్బ చెక్క మీద ఆగుతుంది. దీని మొదటి పని అదే. పిడికిలి ముందుకి వచ్చిన పొట్టి కొసతో పొడుస్తారు. గుప్పిట వదులు చేసి తిప్పితే పొడుగు భాగం గిర్రున ముందుకొస్తుంది, మన తిరగలి పిడిలాగే.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. అమెరికాలో పోలీసుల కోసం వచ్చిన రకం పేరు పీఆర్-24, పొడవు 24 అంగుళాలు. 1991లో లాస్ ఏంజెలిస్‌లో రాడ్నీ కింగ్ అనే నల్లజాతి వ్యక్తిని పోలీసులు ఇలాంటి కర్రలతోనే కొట్టిన వీడియో ప్రపంచమంతా చూసింది. ముంజేతిని కాచే కర్రకి ఆ చెడ్డపేరు అంటుకోవడం నాకు ఇప్పటికీ బాధే. ఒకినావాలో తైరా షింకెన్ లాంటి గురువులు పాత విద్యని పోగుచేసి నిలబెట్టారు. హమహిగా టోన్ఫా అనే కటా, అంటే ఒక వరసలో చేసే కదలికల సాధన, ఇవాళ్టికీ నేర్పుతున్నారు.

ఒక్క విషయంలో తిరగలి పోలిక పనికిరాదు. తిప్పేటప్పుడు వదులుగా ఉన్న గుప్పిట, దెబ్బ తగిలే క్షణంలో మాత్రం బిగియాలి. లేదంటే కర్ర వెనక్కి తిరిగి మీ మోచేతికే తగులుతుంది.