ఫ్లోరిడా పక్కనే, కేబుల్ మాత్రం వెనెజువెలా నుంచి

యాంకర్: 2015 జనవరిలో ఒబామా ప్రభుత్వం క్యూబాకు టెలికాం సామాను అమ్ముకోవచ్చని రూల్స్ సడలించింది. మరి నెట్ వచ్చేసిందా సార్?

టెలికాం ఇంజినీర్: అంత తేలిగ్గా ఎక్కడొస్తుందండీ! అమ్మేవాళ్ళు రెడీ. కొనాల్సింది మాత్రం ఎటెక్సా ఒక్కటే, అది క్యూబా ప్రభుత్వ టెలికాం కంపెనీ. అది సరేనంటేనే బేరం. ఆ జూలైలో 35 చోట్ల వైఫై పెట్టారు, గంటకు సుమారు 2 డాలర్లు. జీతం నెలకు 20 డాలర్లు వచ్చే ఊళ్ళో!

యాంకర్: అయినా జనం ఎగబడ్డారుగా?

జర్నలిస్టు: ఎగబడరా మరి! రాజధాని హవానాలో లా రాంపా అనే రోడ్డుంది. రాత్రయితే చాలు, మెట్ల మీద, గోడలకు ఆనుకుని జనం, ఫోన్ వెలుగులో మొహాలు. కార్డు గీకి, నంబరు కొట్టి, మయామీలో ఉన్న కొడుకుతో వీడియో కాల్. పక్కన పదిమంది వింటుంటారు, ఏం చేస్తాం! అంత డబ్బు పెట్టలేనివాళ్ళకు ‘పాకెతె’. వారానికోసారి దాదాపు ఒక టెరాబైట్ సినిమాలు, సీరియళ్ళు, యాప్‌లు హార్డ్ డిస్కులో ఇంటికే వచ్చేవి. నాకైతే మన వీడియో క్యాసెట్ల షాపు గుర్తొస్తుంది.

యాంకర్: అంటే క్యూబాపై అమెరికా పెట్టిన ఆంక్షల తప్పేం లేదంటారా మేడమ్?

ఎకనామిక్స్ లెక్చరర్: లేకేం! ఫ్లోరిడా దీవుల నుంచి క్యూబా నూట నలభై, నూట యాభై కిలోమీటర్లు. నెట్ తెచ్చే సముద్రపు కేబుల్ మాత్రం వెనెజువెలా నుంచి లాక్కున్నారు. ‘ఆల్బా-1’ అనే ఆ కేబుల్ 2011 ఫిబ్రవరిలో ఒడ్డుకు చేరి, 2013 దాకా ఖాళీగా పడి ఉంది. అమెరికాతో కలిపే దగ్గరి కేబుల్ ప్రతిపాదన వస్తే, 2022లో గూఢచర్యం భయం చెప్పి అనుమతి ఇవ్వొద్దని అమెరికా న్యాయశాఖే సిఫార్సు చేసింది. తలుపు తీశామన్నవాళ్ళే గడియ పెట్టారు. హవానాకు మంచి వంక దొరికింది.

టెలికాం ఇంజినీర్: వంకే మేడమ్! 2021 జూలై 11న జనం క్యూబా ప్రభుత్వం మీద రోడ్డెక్కితే నెట్ ఆపింది వాషింగ్టనా?

ఎకనామిక్స్ లెక్చరర్: కాదు, ఒప్పుకుంటాను. కానీ వంక లేకుండా చేయడం కూడా పనే కదా?

యాంకర్: 2018 డిసెంబరులో 3జీ వచ్చింది. ఇప్పుడు పరిస్థితి?

జర్నలిస్టు: ఫోన్లోనే అంతా. కానీ 2025 మే చివర్లో ఎటెక్సా రేట్లు మార్చింది. 360 క్యూబా పెసోలకు నెలకు 6 జీబీ, అంతే. ఆపైన 3 జీబీ కావాలంటే 3,360 పెసోలు. అప్పట్లో నెలకు కనీస వేతనమేమో 2,100. హవానా యూనివర్సిటీ పిల్లలు గొడవకు దిగారు. విదేశాల్లో బంధువుంటే ఆయనే డాలర్లలో రీచార్జ్ చేస్తాడు.

యాంకర్: లేనివాళ్ళు?

జర్నలిస్టు: 6 జీబీలోనే నెట్టుకురావాలి సార్.

యాంకర్: చిన్న బ్రేక్.