ఫ్రిజ్ మీది క్యాలెండర్‌లో పెన్సిల్ అంకెలు

నమస్తే అండీ. వీడియో పెట్టి మూడు నెలలు దాటింది. ఇప్పుడు మీకు కనిపిస్తున్నది మా వంటింట్లో ఫ్రిజ్, దాని మీద రెండు క్యాలెండర్లు. ఒకటి ఈ ఏడాదిది, ఇంకోటి 2025ది. పాతది ఇంకా తీయలేదు. దగ్గరగా చూపిస్తాను, ఉండండి. నవంబర్ పేజీ. తిథి, నక్షత్రం, వర్జ్యం అన్నీ ఉన్న గడిలో కింద మూలన పెన్సిల్‌తో చిన్న అంకె కనిపిస్తోందా? 13వ తేదీ గడిలో 59. 14లో 58. అలా తగ్గుకుంటూ పోతుంది. ఇవాళ్టి కబుర్లన్నీ ఈ అంకెల గురించే.

కొత్తగా చూస్తున్నవాళ్లకి ఒక్క ముక్క. మేముండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన ఇర్వింగ్. మా ఆయన సాఫ్ట్‌వేర్. పెద్దోడికి తొమ్మిదేళ్లు, బుజ్జిదానికి నాలుగు. పిల్లల పేర్లు, మొహాలు ఇక్కడ చూపించను. ఆయనది హెచ్-1 ఉద్యోగ వీసా, నేను దానికి అనుబంధంగా భార్యకిచ్చే హెచ్-4 మీద ఉన్నాను, వర్క్ పర్మిట్ లేదు, అందుకే ఈ ఛానల్‌కి మానిటైజేషన్ కూడా పెట్టుకోలేదు. మీతో మాట్లాడటం నాకు ఉత్త కాలక్షేపమే.

నవంబర్ 12, బుధవారం. పొద్దున తొమ్మిదిన్నరకి మా ఆయనకి పదిహేను నిమిషాల మీటింగ్ పెట్టారు. ఆరు నిమిషాల్లో అయిపోయింది. నేను గ్రైండర్‌లో ఇడ్లీ పిండి రుబ్బుతున్నాను. ఆయన వచ్చి కౌంటర్ దగ్గర నిలబడి, ఆపమన్నట్టు చెయ్యి ఊపారు. ఆపాను. "తీసేశారు" అన్నారు. అంతే, ఇంకో మాట లేదు. మినప్పప్పు సగం నలిగి ఉంది. కాసేపు ఇద్దరం దాని వైపే చూస్తూ నిలబడ్డాం. తర్వాత నేనే మళ్లీ స్విచ్ వేశాను. నానబోసిన పప్పు మన కోసం ఆగదు కదా.

హెచ్-1 మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే 60 రోజులు టైమ్ ఇస్తారు. 2017 నుంచి ఉన్న రూల్ ఇది. ఉద్యోగంలో ఆఖరి రోజు నుంచి లెక్క. ఐ-94, అంటే ఈ దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే కాగితం, దాని గడువు అంతకంటే ముందే అయిపోతుంటే ఆ తేదీ వరకే. ఈలోపు ఇంకో కంపెనీ మన తరఫున పిటిషన్ అయినా వేయాలి, వేరే స్టేటస్‌కి మారడానికి మనం దరఖాస్తు అయినా పెట్టుకోవాలి, రెండూ కాకపోతే పెట్టెలు సర్దుకోవాలి. పైగా బయటి దేశంలో ఉన్నవాళ్లని కొత్తగా హెచ్-1 మీద తెచ్చుకోవాలంటే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలన్న ఆర్డర్ ఆ సెప్టెంబర్‌లోనే వచ్చింది. అంటే ఒకసారి విమానం ఎక్కామంటే ఇక అంతే అనుకున్నాం. బుజ్జిది ఇక్కడే పుట్టింది, దానికి ఏ గడువూ లేదు. దానికి అన్నం తినిపించే మాకే ఉంది.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక నేను పెన్సిల్ తీసుకుని, జనవరి 11కి సున్నా వచ్చేలా లెక్కేసి అంకెలు వేశాను. జనవరికి కొత్త క్యాలెండర్ ఇంకా రాలేదు కాబట్టి డిసెంబర్ 31లో 11 వేసి ఆపాను. పెన్నుతో ఎందుకు రాయలేదంటే, పెన్నుతో రాస్తే నిజమైపోతుందని ఏదో పిచ్చి భయం.

పిల్లలకి చెప్పొద్దనుకున్నాం. తెనాలికి అసలే చెప్పొద్దనుకున్నాం, మామయ్యగారికి బీపీ. రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి, అంటే వాళ్లకి పొద్దున ఎనిమిదికి, వీడియో కాల్ మామూలే. మా ఆయన కాలర్ ఉన్న చొక్కా వేసుకుని కూర్చునేవారు. "ఏం తిన్నారు, చలి మొదలైందా, అంతా బాగానే ఉంది." మళ్లీ మర్నాడు అదే పాట.

ఇంటర్వ్యూలన్నీ మా బెడ్‌రూమ్‌లో బట్టలు పెట్టుకునే క్లోజెట్‌లోంచే. థ్యాంక్స్‌గివింగ్ సెలవలకి పిల్లలిద్దరూ ఇంట్లోనే ఉన్నారు, ఆ గోలలో నిశ్శబ్దంగా ఉండే చోటు అదొక్కటే. నా పట్టుచీరల కింద ఇస్త్రీ బల్ల, దాని మీద లాపీ, ఎదురుగా నలభై రెండేళ్ల మనిషి. ఒకసారి ఇంటర్వ్యూ మధ్యలో బుజ్జిది తలుపు తోసుకుని వెళ్లి "నాన్నా, దాక్కున్నావా?" అంది. అవతలి మనిషి నవ్వాడట. ఉద్యోగం మాత్రం ఇవ్వలేదు.

డబ్బు సంగతి ఎక్కువ చెప్పను, ఈ పరిస్థితిలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు, లేనివాళ్లకి చెప్పినా తెలీదు. ఒక్క ఇన్సూరెన్స్ గురించి చెప్తాను, ఎవరికైనా పనికొస్తుందేమో. కంపెనీ ఇన్సూరెన్స్ నవంబర్ నెలాఖరుతో ఆగిపోయింది. కోబ్రా అని అదే ఇన్సూరెన్స్‌ని మన డబ్బుతో కొనసాగించుకోవచ్చు. మొత్తం ప్రీమియం మనమే కట్టాలి, పైన రెండు శాతం. మా నలుగురికి నెలకి రెండు వేల డాలర్ల పైమాటే. తీసుకోవాలా వద్దా చెప్పడానికి కనీసం 60 రోజులు గడువుంటుంది. ఎప్పుడు ఒప్పుకున్నా, వెనకటి ప్రీమియంలన్నీ కట్టేస్తే, ఆగిపోయిన రోజు నుంచే వర్తిస్తుంది. అది చూసుకుని మేం ఆగాం. ఆగిన నాలుగో రాత్రే బుజ్జిదానికి చెవి పోటు. రెండింటి దాకా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దాని ఏడుపు కంటే ఆ రెండు వేలే చెవిలో ఎక్కువ మోగుతున్నాయి, తల్లినై ఉండి. పొద్దున్నే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం, మందు పడింది, తగ్గింది. ఆ లెక్క మాత్రం ఇంకా నా మనసులోంచి పోలేదు.

ఏవి అమ్మాలో కూడా చూసుకున్నాను. సోఫా ఫొటో తీశాను, డైనింగ్ టేబుల్ తీశాను. గ్రైండర్ దగ్గర ఆగిపోయాను. ఇది ఇక్కడి 120 వోల్టుల కరెంటుకి చేసింది, మన 230కి పెడితే కాలిపోతుంది. తీసుకెళ్లలేం, అమ్మబుద్ధి కాదు. అదిగో, వెనకాల కనిపిస్తోందే, అదే. కరివేపాకు కుండీ అయితే ఎవరికివ్వాలో కూడా అనుకున్నాను. మాకిది నాలుగేళ్ల చెట్టు. చలికి చచ్చిపోతుందని ఏటా డిసెంబర్‌లో ఇంట్లోకి తెచ్చి, మార్చిలో మళ్లీ బాల్కనీలో పెడతాం. ఫొటోలన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి. మూవింగ్ సేల్ గ్రూపులో ఒక్కటీ పెట్టలేదు.

ఇక్కడిదాకా మీరు ఊహించే కథే. అసలు సంగతి డిసెంబర్ 7న, ఆదివారం. అంకె 35.

పెద్దోడిని తెలుగు క్లాసు నుంచి తీసుకురావడానికి వెళ్లాను. పార్కింగ్‌లో ఇంకో పిల్లాడి వాళ్లమ్మ కారు అద్దం దించి, "సంక్రాంతికి ఇండియా వెళ్తున్నారటగా! టికెట్లు ఎంత పడ్డాయండీ ఒక్కొక్కళ్లకి?" అంది. నాకు నోట మాట రాలేదు. "ఇంకా చూస్తున్నామండీ" అన్నాను. అబద్ధం కాదు, నిజమూ కాదు.

కార్లో అడిగాను. "ఎవరు చెప్పార్రా నీకు ఇండియా వెళ్తున్నామని?"

"ఎవరూ చెప్పలేదు. నేనే కనిపెట్టాను. సర్‌ప్రైజ్ కదా?" అన్నాడు వెనక సీట్లోంచి. వాడు వరసగా సాక్ష్యాలు చెప్తుంటే నాకు స్టీరింగ్ మీద చేతులు చల్లబడ్డాయి. క్యాలెండర్‌లో కౌంట్‌డౌన్ ఉంది. లెక్కపెడితే జీరో జనవరి 11న వస్తుంది. క్లాసులో టీచర్ చెప్పారు, భోగి 14న అని. అంటే మూడు రోజుల ముందే నానమ్మ దగ్గర ఉంటాం. నాన్న రోజంతా ఇంట్లోనే ఉంటున్నారు, అంటే లీవ్ పెట్టేశారు. అమ్మ ఒకరోజు సూట్‌కేసులు దింపి జిప్పులు చూసింది. "ఇంకా నువ్వు కొత్త బొమ్మలేవీ కొనట్లేదు, అంటే మనీ సేవ్ చేస్తున్నారు టికెట్స్ కోసం."

ఒక్కటీ తప్పు కాదండీ. అన్నీ చూశాడు, అన్నీ కలిపాడు. జవాబొక్కటే వేరే.

ఇంటికొచ్చాక మంచం కిందనుంచి స్కూల్ బ్యాగ్ ఒకటి లాగి చూపించాడు. రెండు నిక్కర్లు, టార్చిలైటు, దోమల స్ప్రే. ఒక జిప్‌లాక్ కవర్ నిండా చాక్లెట్లు. అక్టోబర్‌లో హాలోవీన్‌కి ఇల్లిల్లూ తిరిగి తెచ్చుకున్నవి, వాళ్ల బాబాయి పిల్లలకని తినకుండా దాచాడు. కవర్ మీద స్కెచ్ పెన్‌తో ఎవరికెన్నో రాసుకున్నాడు. నానమ్మకి షుగర్ కాబట్టి ఆవిడ పేరు పక్కన సున్నా.

మా ఆయన క్లోజెట్ తలుపు దగ్గర నిలబడి ఇదంతా విన్నారు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చెప్పలేదు. ఎలా చెప్తాం? ఆ అంకె చూసినప్పుడల్లా మా ఇద్దరికీ కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టు ఉంటే, అదే అంకె చూసి వీడు రోజూ పొద్దున్నే గంతులేస్తున్నాడు.

వాడు చెప్పాల్సినవాళ్లకి చెప్పేశాడు కూడా. ఆ శనివారం, అంకె 29. వాడు పడుకున్నాక కాల్‌లో అత్తయ్య అడిగారు. "అమ్మాయ్, పెద్దోడు వస్తున్నామంటున్నాడు. నిజమేనా? మీ ఆయన ఒక్క ముక్క చెప్పలేదు. నెల్రోజులుగా వాడి గొంతు కూడా నాకు బాగా అనిపించట్లేదు."

చొక్కా కాలర్ చూపించి మభ్యపెడదామనుకున్నాం ఆవిడని. గొంతు సంగతి మాకు తట్టలేదు.

మా ఆయన ఫోన్ తీసుకుని మొత్తం చెప్పారు. అవతల కాసేపు కుక్కర్ కూతలే వినపడ్డాయి. తర్వాత ఆవిడ "ఎన్నాళ్లుంది?" అన్నారు. చెప్పాం. "సరే. పైగదికి సున్నం వేయించాను. వస్తే రండి, రాకపోతే ఎలాగూ పండక్కి వేయించాల్సిందే." ఇంకేం అడగలేదు. ఓదార్చలేదు కూడా. ఆ రాత్రి మా ఆయన నెల తర్వాత గుర్రు పెట్టి నిద్రపోయారు.

డిసెంబర్ 19, శుక్రవారం, అంకె 23. ఆఫర్ వచ్చింది. ఫోర్ట్‌వర్త్ అవతల ఆఫీసు, పొద్దున ట్రాఫిక్‌లో గంట పైనే డ్రైవింగ్. జీతం పాతదానికి తక్కువే. కళ్లకద్దుకున్నాం. కానీ ఆఫర్ వచ్చినంత మాత్రాన గడియారం ఆగదు. ముందు లేబర్ డిపార్ట్‌మెంట్ నుంచి ఎల్‌సీఏ, అంటే జీతం, పని షరతుల మీద కంపెనీ పెట్టే దరఖాస్తుకి ఆమోదం, రావాలి, దానికి ఏడు పనిదినాలు. ఆ తర్వాత పిటిషన్ ఇమ్మిగ్రేషన్‌కి చేరాలి. పనిదినాలంటే మధ్యలో క్రిస్మస్, మధ్యలో జనవరి ఒకటి. ఇక్కడ ఊరంతా లైట్లు పెట్టుకుని పండగ చేసుకుంటుంటే, మేం ఇద్దరం ఈ సెలవలెందుకురా దేవుడా అని తిట్టుకుంటూ కూర్చున్నాం. లాయర్ ఆఫీసు ఫోన్‌లో రికార్డెడ్ వాయిస్ నాకు కంఠతా వచ్చేసింది.

జనవరి 6, మంగళవారం, పిటిషన్ చేరినట్టు కబురొచ్చింది. అంకె 5. సాయంత్రం ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ గుడికి వెళ్లాం. మంగళవారం కదా, పార్కింగ్‌కే ఇరవై నిమిషాలు తిరిగాం. వచ్చేటప్పుడు కార్లోనే పెద్దోడికి చెప్పాం. నాన్నకి ఉద్యోగం పోయింది, ఇప్పుడు మళ్లీ దొరికింది, ఆ అంకెలు దాని గురించి, ఇండియా వెళ్లట్లేదు.

వాడు ఏడవలేదు. చాలాసేపు హైవే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత, "జీరో వచ్చేస్తే ఏమయ్యేది?" అన్నాడు.

"ఇండియా వెళ్లిపోయేవాళ్లం" అన్నారు మా ఆయన.

"నానమ్మ వాళ్లింటికా?"

"ముందు అక్కడికే."

"మరి నేను ఇప్పుడు హ్యాపీగా ఉండాలా?"

ఆయన కారు నడుపుతున్నారు, నేను కిటికీ వైపు తిరిగాను. ఇద్దరం జవాబు చెప్పలేదు. పదిరోజుల తర్వాత కూడా నాకు సరైన జవాబు తట్టలేదు, ఇప్పుడూ తట్టట్లేదు. తెనాలిలోనూ అదే వరస. "మంచిదే నాన్నా, మంచిదే" అని రెండుసార్లన్నారు అత్తయ్య. కాసేపాగి, "అరిసెలకి బెల్లం ఎక్కువ తెప్పించాను. సర్లే, ఎక్కడికి పోతుంది" అన్నారు.

భోగి సాయంత్రం హాల్లోనే బుజ్జిదానికి భోగిపళ్లు పోశాం. రేగిపళ్లు తాజావి దొరకలేదు. చెరుకు ముక్కలు, బంతిపూల రెక్కలు, చిల్లర కలిపి గిన్నెలో పెట్టాను. వీడియో కాల్‌లో అత్తయ్య ఉన్నారు. అక్కడ అప్పటికే సంక్రాంతి తెల్లవారుజాము, ముగ్గు చిప్ప చేతిలోనే ఉంది. పెద్దోడు లోపలికెళ్లి ఆ జిప్‌లాక్ కవర్ తెచ్చి, చాక్లెట్లన్నీ గిన్నెలోకి ఒంపాడు. నేను ఏమీ అనలేదు. అందరికంటే ముందు వాడే దోసిలి నిండా తీసి చెల్లి నెత్తిన పోశాడు. కాస్త పెద్దది ఒకటి నుదుటికి తగిలి అది ఆరున్నొక్క రాగం ఎత్తుకుంది. ఫోన్‌లో అత్తయ్య "మెల్లగా పొయ్యరా, వెధవా" అని ఒకటే నవ్వు.

ఇదీ సంగతి. ఇప్పుడు కొత్త క్యాలెండర్ చూపిస్తాను. జనవరి ఒకటి నుంచి ఆరు దాకా నా చేతిరాత, పది నుంచి ఐదు. ఏడో తేదీ నుంచి నేను రాయలేదు. ఈ వంకర 4, 3, 2, 1, 0 వాడివి. ఎప్పుడు రాశాడో నేను చూడలేదు.

పేజీలు తిప్పుతున్నాను, చూడండి. జూన్ 3, బడికి వేసవి సెలవలు ఇచ్చాక. ఆ గడిలో కూడా సున్నా ఉంది, చుట్టూ గుండ్రంగా గీశాడు. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ ఫిబ్రవరి దాకా వచ్చాడు. ఇవాళ 14వ తేదీ గడిలో 109 ఉంది.

ఇండియా వెళ్తే మళ్లీ ఇక్కడికి రావడానికి కావాల్సిన వీసా స్టాంపింగ్ సంగతి వాడికి ఇంకా చెప్పలేదు.