విజన్ ఇన్సూరెన్స్: కార్డు వాళ్లదే, కొట్టూ వాళ్లదే?

(డాలస్ తెలుగువాళ్ల కోసం జరిగిన స్టూడియో చర్చ. వినపడినంత వరకే రాశాం.)

యాంకర్: నమస్కారం. రెండు వైపులా సమాన సమయం ఇస్తామని ముందే చెప్పేస్తున్నా. కళ్ల ఇన్సూరెన్సు ఇచ్చే విజన్ ప్లాన్లు డాక్టర్లతో, సభ్యులతో ఎలా నడుచుకోవాలో హద్దులు పెట్టే టెక్సస్ చట్టం, హెచ్‌బీ 1696, సెప్టెంబర్ 1, 2023న అమల్లోకి వచ్చింది. విజన్ ప్లాన్ల వైపు వాళ్లు కోర్టుకెళ్లారు. కొన్ని నిబంధనల్ని ఫెడరల్ కోర్టు ఆపేసింది, 2025లో పైకోర్టు ఫిఫ్త్ సర్క్యూట్ కూడా సరేనంది. డాక్టర్ గారూ, సూటిగా అడుగుతా. హైదరాబాద్‌లో అంత చవగ్గా వచ్చే కళ్లద్దాలు ఇక్కడ ఎందుకింత ఖరీదు?

కంటి డాక్టర్ (ప్లానోలో సొంత ప్రాక్టీస్): వస్తానండీ దానికి. ముందు ఐమెడ్ అనే విజన్ ప్లాన్ ఎవరిదో చెప్పనివ్వండి. లెన్సులూ ఫ్రేములూ చేసే ఎస్సిలర్‌లక్సోటికాది. లెన్స్‌క్రాఫ్టర్స్, పెర్ల్ విజన్, టార్గెట్ ఆప్టికల్ షాపులు? వాళ్లవే. రేబాన్, ఓక్లీ? అవీ వాళ్లవే. ఇక ఇంకో విజన్ ప్లాన్, వీఎస్‌పీ. 1955లో కాలిఫోర్నియాలో మా కంటి డాక్టర్లే, ఆప్టోమెట్రిస్టులు, పెట్టుకున్నది. ఇవాళ మార్కాన్ ఫ్రేములు దానివి, 2019 నుంచి విజన్‌వర్క్స్ షాపులు దానివి. పరీక్ష చేస్తే నాకెంత ఇవ్వాలో తేల్చేదీ వాళ్లే, నా ఎదురుగా షాపు తెరిచేదీ వాళ్లే!

బ్రోకర్ (కంపెనీలకు బెనిఫిట్ ప్లాన్లు కుదుర్చుతారు): ఒక్క నిమిషం సార్. వీఎస్‌పీ లాభాపేక్ష లేని సంస్థ...

డాక్టర్: పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ పన్ను మినహాయింపు ఎప్పుడో తీసేసింది దానికి!

బ్రోకర్: మాట పూర్తి చేయనివ్వండి. కోర్టు ఎందుకు ఆపింది? ‘ఫలానా చోటికెళ్తే మీకు తక్కువ పడుతుంది’ అని సభ్యులకి చెప్పడం కూడా తప్పంటే అది మాట్లాడే హక్కుకి అడ్డు కదా. ఉద్యోగి జీతంలోంచి నెలకి పోయేది కొద్ది డాలర్లు. ఆ కాస్తకే...

యాంకర్: అదే డబ్బుకి హైదరాబాద్‌లో...

డాక్టర్: హైదరాబాద్ ఆగండి! ‘తక్కువ పడుతుంది’ అంటున్నారే, ఎక్కడ? వాళ్ల షాపులో. వాళ్ల ఫ్రేములు ఎక్కువ అమ్మే డాక్టర్ పేరు లిస్టులో పైన, పక్కన ఒక బ్యాడ్జి. నా పేరు ఎక్కడో అడుగున. కళ్లు పరీక్షించడంలో నేనేం తక్కువ? ఆడిట్ సంగతి చెప్తా. కొన్ని ఫైళ్లు తీస్తారు, రెండిట్లో పొరపాటు దొరుకుతుంది. అదే నిష్పత్తి మిగతా ఫైళ్లన్నిటికీ అంటగట్టి డబ్బు వెనక్కివ్వమంటారు. ఈ చట్టం దాన్ని వద్దంది. తప్పా?

బ్రోకర్: నచ్చకపోతే నెట్‌వర్క్‌లోంచి బయటికి రావచ్చు కదా.

డాక్టర్: వస్తే పేషెంట్లు? పోనీ నలుగురు డాక్టర్లం కలిసి ‘ఈ రేటుకి చేయం’ అందామా? పోటీని కాపాడే ఫెడరల్ చట్టం షెర్మన్ యాక్ట్ కింద అది ధరల కోసం కుమ్మక్కవడం. వాళ్లు కోట్లమంది తరఫున ఒక్క రేటు చెప్పొచ్చు, మేం ఇద్దరం కూడబలుక్కోకూడదు!

(ఇక్కడ ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. ఏదీ తెలియలేదు.)

యాంకర్: మేడమ్, మీరింతవరకు నోరు విప్పలేదు.

ఉద్యోగిని (ఇర్వింగ్, సాఫ్ట్‌వేర్): విప్పనిస్తేగా. నాకు షుగర్ ఉందండీ. విజన్ కార్డు తీసుకెళ్తే, రెటీనా పరీక్షకి మెడికల్ కార్డు ఇవ్వమన్నారు, ముందు మన జేబులోంచి కట్టాల్సిన డిడక్టబుల్ నా నెత్తిన పడింది. ఇదేం ఇన్సూరెన్స్?

డాక్టర్: మంచి ప్రశ్న అడిగారమ్మా. అసలిది ఇన్సూరెన్సే కాదంటాను. ఏడాదికో పరీక్ష, ఫ్రేముకి కొంత అలవెన్స్, మిగతాదాని మీద డిస్కౌంటు. అంటే కూపన్ పుస్తకం. జబ్బు వస్తే మెడికల్ ప్లానే దిక్కు.

ఉద్యోగిని: మరి మీ క్లినిక్కుల్లో కళ్లద్దాల నంబర్లు రాసిన చీటీ అడిగితే మొహం మాడ్చుకుంటారెందుకు? ఆన్‌లైన్‌లో కొనుక్కుంటామనేగా?

డాక్టర్: అది... పరీక్ష అవగానే, అడక్కపోయినా చీటీ ఇవ్వాలని వ్యాపారాల మీద కన్నేసే ఫెడరల్ సంస్థ ఎఫ్‌టీసీ రూల్ 1978 నుంచీ ఉంది. నేను ఇస్తాను.

ఉద్యోగిని: పీడీ, అదే రెండు కంటిపాపల మధ్య దూరం, రాయరు.

డాక్టర్: అది రాయాలని ఆ రూల్లో లేదమ్మా.

బ్రోకర్ (నవ్వుతూ): చూశారా, డాక్టర్ గారిదీ వ్యాపారమే.

యాంకర్: అందుకే ఇండియా వెళ్లినప్పుడు రెండు జతలు చేయించుకుంటే పోతుంది. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ ఐ ఇన్‌స్టిట్యూట్ ఉంది, 1987 నుంచి డబ్బు లేనివాళ్లకి ఉచితంగా...

డాక్టర్: అది ట్రస్టు ఆసుపత్రి సార్! ఇక్కడ చట్టం గురించి కదా మాట్లాడుతున్నాం?

బ్రోకర్: చట్టం గురించే చెప్తా. పెద్ద కంపెనీలు చాలావాటివి సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్లు, అంటే ఖర్చు కంపెనీయే సొంతంగా భరిస్తుంది. అలాంటి వాటికి ఉద్యోగుల బెనిఫిట్ ప్లాన్ల ఫెడరల్ చట్టం, 1974 నాటి ఎరిసా అడ్డొస్తుంది, రాష్ట్ర చట్టం వర్తించడమే కష్టం. మేడమ్ గారి ప్లాన్ అలాంటిదైతే రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో ఏం పాస్ చేసినా...

డాక్టర్: అందుకే ఇలాంటి హద్దుల్నే దేశమంతటికీ పెట్టే డాక్ యాక్సెస్ బిల్లు కాంగ్రెస్‌లో పెడుతూనే ఉన్నారు! మళ్లీ చెప్తున్నా, కార్డు వాళ్లదే, కొట్టూ వాళ్లదే. అద్దాలు అరగదీసే ల్యాబూ...

యాంకర్: ల్యాబ్ మీదేదో చెప్పబోయారు, రెండు ముక్కల్లో.

బ్రోకర్: సమాన సమయం అన్నారు! గడియారం చూడండి.

యాంకర్: మీకూ ఇస్తా సార్, బ్రేక్ తర్వాత. డాక్టర్ గారూ, ల్యాబ్ గురించి చెప్పండి. వాళ్ల ల్యాబ్‌కే పంపాలా?

డాక్టర్: చాలా ప్లాన్లలో అంతే. నేను మంచి ల్యాబ్ వెతుక్కుని, అక్కడ...

(ప్రకటనలు)

(బ్రేక్ తర్వాత మిగిలిన సమయంలో పదింట తొమ్మిది వంతులు డాక్టర్ గారే మాట్లాడారు. ఉద్యోగిని పీడీ గురించి మళ్లీ అడిగారు, జవాబు రాలేదు. బ్రోకర్ మాట్లాడుతుండగానే టైటిల్స్ పడిపోయాయి.)