ఫైలు దొరికింది, తెలుగు దొరకలేదు

అందరికీ నమస్కారం. పెద్దలతో పాటు డీటీపీ చేసే తమ్ముళ్లు కూడా వచ్చారు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

ఈ సీడీ చూడండి. 2003లో రైట్ చేసింది. అప్పట్లో ఇక్కడ నల్లగొండలో గడియారం సెంటర్ దగ్గర నాకు డీటీపీ షాపు ఉండేది. ఒక రిటైర్డ్ టీచర్ గారు తమ ఊరి చరిత్ర 140 పేజీలు టైపు చేయించుకున్నారు. చెరువు కట్ట సంగతులు, సాయుధ పోరాటంలో జైలుకు పోయినవాళ్ల పేర్లు, అన్నీ ఉన్నాయి. పుస్తకం మాత్రం వేయలేకపోయారు. మొన్న వాళ్లబ్బాయి వచ్చి, "అన్నా, నాన్న రాసింది ఇందులో ఉందట, తీసిస్తవా?" అన్నాడు.

నా లాప్‌టాప్‌కు సీడీ డ్రైవే లేదు. రెండు రోజులు తిరిగి ఒక పాత కంప్యూటర్ పట్టాం. సీడీని వెలుతురుకు పెట్టి చూస్తే అంచున సన్నటి చుక్కలు. మనం రైట్ చేసుకునే సీడీలో సమాచారం ఉండేది ఒక రంగు పొరలో. ఎండా వేడీ తగిలితే అది చెడుతుంది. నల్లగొండ ఎండ గురించి మీకు నేను చెప్పాలా! అయినా ఫైలు కాపీ అయింది. సంబరంగా తెరిస్తే తెలుగు ఉండాల్సిన చోట బ్రాకెట్లు, డాలర్ గుర్తులు.

కంప్యూటర్ ప్రతి అక్షరాన్నీ ఒక నంబరుగా దాచుకుంటుంది. ఆ రోజుల్లో మన ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల నంబర్ల మీద తెలుగు అక్షరాల బొమ్మలు కూర్చోబెట్టేవి. ఫాంటు ఉంటే తెలుగు, లేకుంటే చెత్త. అన్ని భాషల అక్షరాలకూ వేర్వేరు నంబర్లిచ్చే పద్ధతి యూనికోడ్. అందులో తెలుగుకు 1991 నుంచే సొంత నంబర్లు ఉన్నా, మన షాపుల్లోకి అది చాలా ఆలస్యంగా వచ్చింది.

పానగల్లు మ్యూజియంలో శాసనాలు చూసే ఉంటారు. రాయి చెక్కుచెదరలేదు, కానీ ఆ లిపి నేర్చుకున్నవాళ్లు పక్కన ఉంటేనే మనకు అర్థమవుతుంది. టీచర్ గారి ఫైలు ఇరవై ఏళ్లకే ఆ స్థితికి వచ్చింది.

ఇంగ్లండులోనూ ఇదే జరిగింది. అక్కడి రాజు ఊళ్ల, భూముల లెక్కలు రాయించిన 1086 నాటి డూమ్స్‌డే పుస్తకానికి 900 ఏళ్లు నిండాయని 1986లో బీబీసీ వాళ్లు బడిపిల్లలతో సహా జనం చేత తమ ఊళ్ల గురించి రాయించి లేజర్ డిస్కుల్లో పెట్టారు. పదిహేనేళ్లు దాటేసరికి వాటిని చదివే యంత్రాలు కరువయ్యాయి. పాత పుస్తకం మాత్రం ఇప్పటికీ చదవొచ్చు. ఇంట్లో పెళ్లి వీడియో క్యాసెట్లు ఉంటే తొందరపడండి, వీసీఆర్‌ల తయారీ 2016లోనే ఆగిపోయింది.

మన పెద్దలు తాటాకు శిథిలం కాకముందే కొత్త ఆకు మీదికి ఎత్తి రాసేవాళ్లు. మనమూ అయిదారేళ్లకోసారి కొత్త డిస్కుకు ఎత్తుకోవాలి. మూడు కాపీలు ఉంచండి, అన్నీ ఒకే రకం డిస్కులో వద్దు, ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. పెన్‌డ్రైవ్‌ను నమ్ముకొని బీరువాలో పడేయకండి, ఏళ్ల తరబడి ఊరికే ఉంటే అందులో సమాచారాన్ని పట్టి ఉంచే కరెంటు చార్జి కారిపోతుంది.

పాత ఫాంటును యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ ఒత్తుల దగ్గర తప్పుతాయి. చంద్రయ్యలో ర-వత్తు ఎగిరిపోతే చందయ్య అవుతాడు. అదీ పేరే కాబట్టి చదివేవాళ్లకు అనుమానం కూడా రాదు. అందుకే జైలుకు పోయినవాళ్ల పట్టికను ఆ ఊరివాళ్లతోనే చదివిస్తున్నాం. యాభై పేజీలు అయ్యాయి, ఇంకా తొంభై ఉన్నాయి. ప్రూఫ్ చూసే ఓపిక ఉన్నవాళ్లు టీ తాగాక నన్ను కలవండి. ఇంట్లో ఇట్లాంటి సీడీలు ఉన్నవాళ్లు కూడా.