వచ్చిపోయేవారి కోసం కట్టిన ఇళ్ళు

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను విషీ అనే ఊరి గురించి మాట్లాడతాను. మధ్య ఫ్రాన్సులో, అలియే నది ఒడ్డున, దాదాపు పాతిక వేల మంది ఉండే ఊరు. చరిత్ర చదివినవారికి విషీ అనగానే ఊరు గుర్తుకు రాదు, ప్రభుత్వం గుర్తుకొస్తుంది. 1940లో ఫ్రాన్సు జర్మనీ చేతిలో ఓడిపోయాక, మార్షల్ పెతాఁ నాయకత్వంలోని ప్రభుత్వం నాలుగేళ్ళు ఇక్కడే కొలువుతీరింది. అప్పటికి మన యానాం ఫ్రెంచివారి ఏలుబడిలో ఉంది. ఆ ఏడాది సెప్టెంబరులో ఫ్రెంచి భారత గవర్నరు బొన్వాఁ విషీ ప్రభుత్వాన్ని కాదని, ఓటమిని ఒప్పుకోక లండన్ నుంచి పోరు సాగిస్తున్న జనరల్ ద గోల్ పక్షం వహించాడు. అలా గోదావరి తీరంలోనూ ఈ పేరుకు ఒక జ్ఞాపకం ఉంది. నాలుగేళ్ళ పాలన ఒక ఊరి పేరును అంతగా కమ్మేసింది. ఆ నీడ కింద నుంచి ఊరి ఇళ్ళను బయటకు తీసి మీకు చూపించాలని నా కోరిక.

ఈ ఇళ్ళు అర్థం కావాలంటే ముందు నీళ్ళ సంగతి తెలియాలి. విషీలో నేలలోంచి వంటసోడా గుణం గల ఖనిజ జలం బుగ్గలుగా ఉబుకుతుంది. షొమెల్ అనే బుగ్గలో నీళ్ళు 43 డిగ్రీల వేడి ఉంటాయి, సెలెస్తాఁ బుగ్గలో చల్లగా ఉంటాయి. కాలేయానికీ జీర్ణకోశానికీ ఇవి మంచివని 17వ శతాబ్దంలోనే పేరుంది. 1676లో ఇక్కడికి వచ్చిన మదాం ద సెవిన్యే, ఉత్తరాలతోనే పేరు పొందిన ఫ్రెంచి రచయిత్రి, ఈ నీళ్ళ గురించి కూతురికి ఉత్తరాలు రాసింది. వైద్యుడు చెప్పే చికిత్స ఆనవాయితీగా 21 రోజులు. రోజూ వేళకు గ్లాసు పట్టుకొని బుగ్గ దగ్గరికి వెళ్ళి తాగడం, కాసేపు నడవడం, మళ్ళీ తాగడం. మిగతా పొద్దంతా ఖాళీ. ఆ ఖాళీని నింపడానికే ఊరంతా కట్టారు. ఎండా వానా తగలకుండా నడవడానికి దాదాపు 700 మీటర్ల పొడవున ఇనుప పందిళ్ళు, పాటకచేరీలకు మందిరాలు, తోటలు, అద్దె ఇళ్ళు.

ఈ అద్దె ఇళ్ళే నా విషయం. మనం ఇల్లు కట్టుకుంటే పిల్లలూ మనవలూ ఉంటారని కట్టుకుంటాం. విషీలో విల్లా కట్టినవారిలో చాలామంది దాన్ని మూడు వారాలుండి వెళ్ళిపోయే మనిషి కోసం కట్టారు. ఇంటి రూపురేఖలన్నీ అక్కడి నుంచే వచ్చాయి.

మూడవ నెపోలియన్ చక్రవర్తి 1861 నుంచి 1866 వరకు ఐదు వేసవులు ఇక్కడికి వచ్చాడు. మొదట దిగింది ఇసాక్ స్త్రౌస్ ఇంట్లో. స్త్రౌస్ స్ట్రాస్‌బూర్గ్‌లో పుట్టిన యూదు సంగీతకారుడు, రాజభవనంలో నృత్యోత్సవాలకు వాద్యబృందం నడిపినవాడు. వియన్నాలో పేరుపడ్డ సంగీతకారుల స్ట్రాస్ కుటుంబం వేరు, వీరు వేరు. ఆ విల్లాను ఆయన 1858 ప్రాంతంలో కట్టించాడు. చక్రవర్తి రాకతో ఊరి దశ తిరిగింది. 1862లో రైలు వచ్చింది. నది వరదలను ఆపడానికి కట్ట వేసి, దాని వెనక ఇంగ్లీషు పద్ధతిలో తోటలు నాటారు. ఆ తోటల అంచున చక్రవర్తికీ పరివారానికీ వరసగా విడిది ఇళ్ళు లేచాయి. వాటిని షాలేలు అంటారు.

షాలే అంటే స్విట్జర్లాండు కొండల్లోని చెక్క ఇల్లు. విషీ షాలేలను కాసేపు నిలబడి చూస్తే ఆ కొండ ఇళ్ళతో పాటు మన వేడి దేశాల ఇళ్ళు కూడా గుర్తుకొస్తాయి. ఇటుక గోడలు, ముందుకు సాగిన చూరు, చూరు అంచున లేసు అల్లినట్టు కోసిన చెక్క, ఇంటికి ఆనుకొని విశాలమైన వరండా. ఆ వరండా అన్న మాట మన దేశం మీదుగానే ఇంగ్లీషులోకి, అక్కడి నుంచి ఫ్రెంచిలోకి వెళ్ళింది. నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఒక విడిదిలో బాల్కనీ వీధి వైపు ఉండేసరికి, జనం కింద చేరి జేజేలు కొట్టడం, చక్రవర్తి బయటికి వచ్చి చెయ్యి ఊపడం తప్పలేదట. అందుకే తరవాతి షాలేకు బాల్కనీలూ వరండాలూ తోట వైపే పెట్టించాడని చెబుతారు. ఒక రాజు అలసట ఒక ఇంటి నక్షాను మార్చింది.

చక్రవర్తి పోయినా అతిథులు ఆగలేదు. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో ఇళ్ళు కట్టినవారికి ఒక అవసరం ఉండేది: రైలు దిగిన మనిషి వంద ఇళ్ళ మధ్య తమ ఇంటినే గుర్తుపెట్టుకోవాలి. రూ ద బెల్జిక్ వీధిలో వెనిస్ పద్ధతి కిటికీల ఇల్లు ఉంది, ఫ్లాండర్స్ పద్ధతిలో మెట్లు మెట్లుగా లేచే శిఖరం ఉన్న ఇల్లూ ఉంది. యూబేర్ కొలొంబియే వీధిలో మధ్యయుగపు చర్చిల గోథిక్ పద్ధతి, గ్రీకు పద్ధతి, తీగల్లా మెలికలు తిరిగే ఆర్ట్ నూవో పద్ధతి ముఖాలు పక్కపక్కనే నిలబడ్డాయి. ఇది రుచి లేని కలగాపులగం అని ఒక తరం వాస్తుశిల్పులు ఈసడించారు. నేను ఒప్పుకోను. వీటిని కట్టిన మేస్త్రీల చేతిపని చూడండి: రంగు పలకలు, మెలితిప్పిన ఇనుము, గుమ్మం మీద గాజు పందిరి. అనుకరణ చేసేవాడు ఇంత ఓపికగా పని చేయడు.

ఇక 1940. ప్రభుత్వానికి గదులు కావాలి, టెలిఫోన్లు కావాలి. విషీలో రెండూ ఉన్నాయి. హోటళ్ళు మంత్రిత్వశాఖలయ్యాయి. జులై 10న ఆపెరా భవనంలో పార్లమెంటు 569 ఓట్లతో పెతాఁకు సర్వాధికారాలు కట్టబెట్టింది. కాదన్నవారు 80 మంది. అక్టోబరులో యూదులను ఉద్యోగాల నుంచి తొలగించే శాసనం వచ్చింది. ఆ శరదృతువులోనే ఒక యువ అధ్యాపకుడు, పారిస్‌లో తన ఉద్యోగంలోకి తిరిగి వెళ్ళడానికి అనుమతి కోరుతూ విషీకి వచ్చాడు. అనుమతి దొరకలేదు. కొద్ది వారాల్లో ఉన్న ఉద్యోగమూ ఊడింది. ఆయన పేరు క్లోద్ లెవీ-స్త్రౌస్, తరవాతి కాలంలో లోకమెరిగిన మానవశాస్త్రవేత్త. చక్రవర్తికి ఆతిథ్యమిచ్చిన ఇసాక్ స్త్రౌస్ ఆయనకు ముత్తాత. ముత్తాత కట్టిన ఇల్లు ఆ ఊళ్ళోనే ఉంది. ఈ సంగతి తెలిశాక నేను ఆ విల్లాను వట్టి అందమైన కట్టడంగా చూడలేకపోయాను.

అదే ప్రభుత్వం 1943 ఫిబ్రవరి 25న తెచ్చిన ఒక చట్టాన్ని తరవాతి ఫ్రాన్సు రద్దు చేయకుండా ఉంచుకుంది. రక్షిత కట్టడం చుట్టూ 500 మీటర్ల లోపల, దాని చూపుమేరలో ఉన్నదేదీ అనుమతి లేకుండా మార్చరాదన్న నియమం అప్పటిది. మంచి నియమం చెడ్డ చేతుల నుంచి కూడా రావచ్చు. దాన్ని మంచి చేతులు నిలబెట్టాయి. 1962లో, అప్పటి సంస్కృతి మంత్రి మాల్రో పేరు మీదుగా పిలిచే మాల్రో చట్టం విడి కట్టడాలను దాటి, పాత పేటలను మొత్తంగా కాపాడే దారి వేసింది.

అదే 1962లో అల్జీరియా స్వతంత్రమైంది. వలస దేశాల్లో పని చేసే ఫ్రెంచి అధికారులు, సైనికులు కాలేయ చికిత్సకు సెలవు పెట్టి వచ్చేది విషీకే. ఆ రాకపోకలు తగ్గిపోయాయి. అతిథి కోసం కట్టిన ఇంటికి అతిథి రాకపోతే ఏమవుతుంది? కొన్ని కూలాయి, చాలావరకు వాటాలుగా చీలాయి. రక్షణ పత్రాల్లో తరచుగా కనిపించే మాట "ముఖభాగాలు, పైకప్పులు". అంటే లోపలి మెట్లు, చెక్క నేల, అద్దాల తలుపులు చాలా ఇళ్ళలో ఆ కాగితం పరిధిలోకి రావు. యజమాని మారినప్పుడల్లా లోపలి ఇల్లు కొంత పోతుంది. ఈ విషయంలో నాకు నిజంగా బాధ ఉంది.

2021లో యునెస్కో ఏడు దేశాల్లోని 11 స్నాన పట్టణాలను కలిపి ప్రపంచ వారసత్వంగా ప్రకటించింది. వాటిలో ఫ్రాన్సు నుంచి ఉన్నది విషీ ఒక్కటే. ఆ గుర్తింపులో బుగ్గలు, నడకదారులు, తోటలు, విల్లాలు ఒకే పనిముట్టులోని భాగాలుగా లెక్కకొచ్చాయి. ఇది నాకు సరైన చూపుగా తోచింది.

మీలో ఎవరైనా అక్కడికి వెళితే ముందు సెలెస్తాఁ బుగ్గకు వెళ్ళండి. ఊరివాళ్ళు సీసాలు తెచ్చుకొని నీళ్ళు పట్టుకుంటూ ఉంటారు. మీరూ ఒక గ్లాసు తాగండి. ఆ తరవాత నది పక్క తోటల్లోంచి షాలేల దగ్గరికి నడవండి. కార్లు ఆగే వీధి వైపు నుంచి కాకుండా, చెట్ల కింది నుంచి చూడండి. చక్రవర్తి వరండా అటువైపే ఉంది.